ఆఫీసు పని మీద ఊరెళ్తే హోటల్ రూము: ఏ షరతు చెల్లుతుంది, ఏది చెల్లదు?

అగళి నుంచి హైదరాబాద్‌లో రెండు రోజుల సదస్సుకు వెళ్ళడం అంత తేలిక కాదు. మడకశిర మీదుగా హిందూపురం చేరాలి. అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కాచిగూడ. పది గంటలకు సదస్సు మొదలు. ఈలోపు హోటల్లో దిగి, స్నానం చేసి, బట్టలు మార్చుకోవాలి. సరిగ్గా అప్పుడే రిసెప్షన్‌లో ఉన్న మనిషి గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "సారీ, మా పాలసీ ఒప్పుకోదు" అంటే?

ఉద్యోగం మీద బయటి ఊరు వెళ్ళే టీచర్లు, నర్సులు, బ్యాంకు సిబ్బంది, కంపెనీ ఉద్యోగులు చాలామందికి ఇది తెలిసిన మాటే. మగవాళ్ళయితే ఎలాగో ఇంకో లాడ్జి వెతుక్కుంటారు. ఆడపిల్లకు ఒక్కసారి ఇలా జరిగిందంటే, రెండోసారి ట్రైనింగ్‌కు పంపడానికి ఇంట్లోవాళ్ళు వెనకాడతారు. ఒక్క రూము దగ్గర మొదలైన ఇబ్బంది ప్రమోషన్ దాకా పోతుంది. అందుకే హోటల్ పెట్టే ఏ షరతు చెల్లుతుందో, ఏది చెల్లదో, బయలుదేరే ముందు ఏం చూసుకోవాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

తరచుగా ఎదురయ్యే షరతులు

మొదటిది లోకల్ ఐడీ. హోటల్ ఏ ఊళ్ళో ఉందో అదే ఊరి చిరునామా ఆధార్‌లో ఉంటే చాలా హోటళ్ళు రూము ఇవ్వవు. అగళి, రొళ్ళ, మడకశిర ప్రాంతాల నుంచి బెంగళూరు వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది ఆధార్‌లో బెంగళూరు చిరునామా వేయించుకున్నారు. అదే బెంగళూరులో కంపెనీ రెండు రోజుల సమావేశం పెట్టి అందరూ హోటల్లోనే ఉండాలంటే, ఈ షరతు వాళ్ళకు అడ్డం వస్తుంది.

రెండోది జంటల విషయం. మగ, ఆడ కలిసి రూము అడిగితే పెళ్ళయినట్టు రుజువు చూపమంటారు. 2025 జనవరిలో ఓయో సంస్థ ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో తన భాగస్వామి హోటళ్ళకు ఇలాంటి నిబంధనే పెట్టింది. ఇది భార్యాభర్తలతో ఆగదు. చెల్లెలికి తోడుగా వచ్చిన అన్నను, కూతురితో వచ్చిన తండ్రిని కూడా ఇదే ప్రశ్న అడుగుతారు.

మూడోది ఒంటరి మహిళ. 2017 జూన్‌లో ప్రదర్శనల కోసం సింగపూర్ నుంచి వచ్చిన ఒక కళాకారిణి హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో ముందే రూము బుక్ చేసుకున్నారు. తీరా వెళ్ళాక, ఒంటరి ఆడవాళ్ళకు రూము ఇవ్వమని హోటల్ వాళ్ళు చెప్పారు. ఆ సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

నాలుగోది విజిటర్ పాలసీ. ఊళ్ళో ఉన్న మామూజానో ఖాలాజానో చూడటానికి వస్తే రూములోకి రానివ్వరు, కింద లాబీలోనే కూర్చోబెడతారు. టిఫిన్ డబ్బా తెస్తే "బయటి భోజనం లోపలికి తేకూడదు" అంటారు. హలాల్ భోజనం కోసం ఇంటి నుంచి తెప్పించుకునేవాళ్ళకు ఇది పెద్ద చిక్కు.

ఐదోది టైము. చాలా హోటళ్ళలో రూము మధ్యాహ్నం 12కో 2కో ఇస్తారు. తెల్లవారుజామున దిగినవాళ్ళు అప్పటిదాకా లాబీలో కూర్చోవాలి, లేదా అదనంగా కట్టాలి.

సదస్సుల రూముల్లో వేరే చిక్కులు

పెద్ద సదస్సు పెట్టేవాళ్ళు హోటల్‌తో మాట్లాడి కొన్ని రూములు ముందుగానే పట్టి ఉంచుతారు. దాన్నే బ్లాక్ బుకింగ్ అంటారు. ధర తక్కువగా ఉంటుంది కానీ దానికో గడువు ఉంటుంది. గడువు దాటితే మిగిలిన రూములు హోటల్‌కు తిరిగి వెళ్ళిపోతాయి, ఆ రోజు మార్కెట్ ధర కట్టాల్సిందే. బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా జరిగే రోజుల్లో, హైదరాబాద్ మాదాపూర్ వైపు పెద్ద సదస్సులు ఉన్న వారంలో ఆ ధర ఎలా పెరుగుతుందో అక్కడ రూము కోసం తిరిగినవాళ్ళకు తెలుసు.

బ్లాక్‌లో తీసుకున్న రూముకు పేరు మార్చుకునే వీలు ఉండకపోవచ్చు. తక్కువలో తక్కువ రెండు రాత్రులు ఉండాలనవచ్చు. వద్దనుకుంటే డబ్బు వెనక్కి రాకపోవచ్చు. ఒక్కోసారి పరిచయం లేని ఉద్యోగితో రూము పంచుకోవాలని నిర్వాహకులే నిర్ణయిస్తారు. నమాజుకు, పర్దాకు ఇబ్బంది అనుకునేవాళ్ళు ఈ సంగతి రిజిస్ట్రేషన్ ఫారం నింపేటప్పుడే చెప్పాలి. హోటల్‌కు వెళ్ళాక చెబితే ఖాళీ రూము ఉండదు.

చట్టం గీసిన గీత

హోటల్ ప్రైవేటు వ్యాపారం, కాబట్టి కొన్ని నియమాలు పెట్టుకునే హక్కు దానికి ఉంది. రూములు ఖాళీ లేవని, గుర్తింపు కార్డు చూపలేదని, అడ్వాన్సు కట్టలేదని కాదనవచ్చు. దిగినవాళ్ళ వివరాలు రిజిస్టరులో రాసుకోవడం, పోలీసులు అడిగితే చూపించడం దాని బాధ్యత. అందుకే కార్డు అడగడం తప్పు కాదు.

కానీ ఆ హక్కుకు ఒక హద్దుంది. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం ప్రకారం కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళలోకి రాకుండా ఆపకూడదు. ప్రాథమిక హక్కులు ఎక్కువగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఇది మాత్రం ప్రైవేటు వ్యక్తులకు కూడా వర్తిస్తుంది. హోటళ్ళు అనే మాట ఆ అధికరణంలోనే ఉంది.

దీన్ని పై షరతులకు అన్వయించి చూస్తే తేడా తెలుస్తుంది. పేరు చూసి, గడ్డం చూసి, బుర్ఖా చూసి రూము లేదంటే అది పాలసీ కాదు, రాజ్యాంగం కాదన్న పని. ఒంటరి ఆడవాళ్ళకు ఇవ్వం అనడమూ అంతే, ఎందుకంటే లింగం ఆ జాబితాలో ఉంది. లోకల్ ఐడీ షరతు సంగతి వేరు. జాబితాలో ఉన్నది పుట్టిన చోటు, ఇప్పుడు ఉంటున్న చిరునామా కాదు. పెళ్ళి రుజువు అడగడం కూడా నేరుగా ఆ జాబితాలోకి రాదు. పెళ్ళి కాని ఇద్దరు పెద్దవాళ్ళు ఒక హోటల్ రూములో ఉండకూడదని చెప్పే చట్టమేదీ లేదని 2019 డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టు కోయంబత్తూరు కేసులో స్పష్టం చేసింది. అంటే ఆ రుజువు అడుగుతున్నది చట్టం కాదు, హోటల్ తన సొంత నియమంగా అడుగుతోంది. సొంత నియమాన్ని బుకింగ్‌కు ముందే చెప్పాలి. డబ్బు తీసుకుని, మనిషి వచ్చి నిలబడ్డాక చెప్పడం సేవాలోపం కిందికి వస్తుందని వినియోగదారుల కమిషన్ ముందు వాదించవచ్చు.

ఈ గీత దాటిన సంఘటనలు లేకపోలేదు. 2017 జూలైలో కేరళకు చెందిన దంపతులు బెంగళూరు వచ్చారు. భార్యకు అక్కడి న్యాయ విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూ. భర్త ముస్లిం, భార్య హిందువు అని పేర్లను బట్టి తెలిసి రిసెప్షన్‌లో రూము ఇవ్వలేదు. 2020 సెప్టెంబర్‌లో పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా నుంచి పది మంది మదర్సా ఉపాధ్యాయులు విద్యాశాఖ పని మీద కోల్‌కతా సాల్ట్ లేక్‌కు వచ్చారు. గెస్ట్ హౌస్ ముందే బుక్ చేసుకున్నారు. అయినా చుట్టుపక్కలవాళ్ళు ఒప్పుకోవడం లేదంటూ బయటికి పంపేశారు. వాళ్ళు ఊరుకోలేదు. ఉపాధ్యాయ సంఘం ద్వారా ఫిర్యాదు చేశారు. పోలీసులు గెస్ట్ హౌస్ సిబ్బందిలో కొందరిని అరెస్టు చేశారు. అడిగినవాళ్ళకు దారి దొరుకుతుందనడానికి ఇది గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ.

పేరు, కార్డు: ముస్లిం కుటుంబాలు చూసుకోవాల్సినవి

మన ఇళ్ళల్లో భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండటం తక్కువ. భర్త కార్డులో షేక్, భార్య కార్డులో చివర బేగం లేదా బీ. అది చూసి రిసెప్షన్‌లో అనుమానపడతారు. పాత ఆధార్‌లో భర్త పేరు భార్య పేరు కిందే కనబడేది. ఇప్పటి కార్డుల్లో చాలావరకు కేరాఫ్ అని మాత్రమే ఉంటుంది, బంధుత్వం తెలియదు.

అందుకని భార్యాభర్తలు కలిసి వెళ్ళేటప్పుడు నికానామా ఫోటో ఫోనులో ఉంచుకోవాలి. 2002 నాటి పెళ్ళిళ్ళ తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం కింద పెళ్ళి నమోదు చేయించుకుని ఉంటే ఆ సర్టిఫికెట్ ఇంకా మేలు. నికానామా ఉర్దూలో ఉంటే చదవలేక పక్కన పెట్టేవాళ్ళు కూడా ఈ కాగితాన్ని కాదనలేరు. అన్నాచెల్లెళ్ళు, తండ్రీకూతుళ్ళు అయితే రైస్ కార్డు పనికొస్తుంది, అందులో కుటుంబ సభ్యులందరి పేర్లూ ఉంటాయి.

బుకింగ్‌లో పేరు కార్డులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉండి, ఆఫీసు వాళ్ళు ఎస్.కె. అని పొట్టిగా రాస్తే, లిస్టులో ఈ పేరు లేదనేస్తారు. ముహమ్మద్‌ను ఎండీ అని రాసినా ఇదే తంటా. సదస్సు నిర్వాహకులకు పేరు పంపేటప్పుడే కార్డు చూసి రాయాలి.

ఆధార్ ఒక్కటే చూపాలనేమీ లేదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా చెల్లుతాయి. పాన్ కార్డులో చిరునామా ఉండదు కాబట్టి దాన్ని ఎక్కువ హోటళ్ళు తీసుకోవు. ఆధారే ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. జిరాక్స్ ఇస్తే దాని మీద హోటల్ పేరు, తేదీ, ఎందుకు ఇస్తున్నారో రాసి సంతకం పెట్టడం మంచి అలవాటు.

లోకల్ ఐడీ సమస్య ఉన్నవాళ్ళు ఆఫీసు ఐడీ కార్డు, సదస్సు ఆహ్వాన పత్రం దగ్గర పెట్టుకోవాలి. పని మీద వచ్చారని కాగితం ఉంటే చాలా హోటళ్ళు మెత్తబడతాయి. కంపెనీ పేరు మీద బుక్ అయిన రూముకు ఈ ప్రశ్న రావడం తక్కువ.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో విదేశీ పాస్‌పోర్టుతో వచ్చిన బంధువు తోడుంటే ఇంకో సంగతి ఉంది. విదేశీయులు దిగితే ఆ వివరాలు హోటల్ 24 గంటల్లోగా ప్రభుత్వానికి పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు రూము ఇవ్వవు. అది మతం చూసి కాదనడం కాదు.

బుక్ చేసే ముందు ఐదు పనులు

ఒకటి, ఆన్‌లైన్‌లో ధర చూసి వెంటనే డబ్బు కట్టకూడదు. కింద చిన్న అక్షరాల్లో ఉండే హోటల్ నియమాలు మొత్తం చదవాలి. లోకల్ ఐడీ, జంటలు, విజిటర్లు, పిల్లల వయసు, క్యాన్సిలేషన్ అన్నీ అక్కడే ఉంటాయి.

రెండు, నేరుగా హోటల్‌కు ఫోను చేసి కనుక్కోవాలి. "ఆఫీసు పని మీద వస్తున్నాం, ఒంటరి మహిళ, ఆధార్ ఫలానా ఊరిది, పొద్దున ఆరుకు దిగుతాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మూడు, వాళ్ళు సరే అన్న మాటను వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాయించుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట రాత్రి డ్యూటీ మారితే ఎవరికీ గుర్తుండదు.

నాలుగు, వందో రెండొందలో ఎక్కువైనా డబ్బు వెనక్కి వచ్చే బుకింగే తీసుకోవాలి.

ఐదు, తోడుగా అమ్మీనో తమ్ముణ్ణో తీసుకెళ్తుంటే రూమును మొదటి నుంచీ ఇద్దరి పేరు మీదే చేయించాలి. ఆఫీసు ఒక్కరికే డబ్బు ఇస్తే రెండో మనిషికి అయ్యే తేడా ఎంతో ముందే తెలుసుకుని సొంతంగా కట్టుకోవాలి.

ఆఫీసు బాధ్యత ఎంతవరకు?

సదస్సుకు పంపుతున్నది ఆఫీసే కాబట్టి, రూము భారం అంతా ఉద్యోగి నెత్తిన పెట్టకూడదు. ప్రయాణ విభాగం ఇచ్చిన హోటల్లో ఏదైనా ఇబ్బంది ఉంటే రాతపూర్వకంగా ఇంకో హోటల్ అడగవచ్చు. ఒంటరిగా వెళ్ళే మహిళలు తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, ఉద్యోగం మీద వెళ్ళిన ప్రతి చోటూ పని ప్రదేశమే. ఆఫీసు ఏర్పాటు చేసిన ప్రయాణం కూడా అందులోకే వస్తుంది. అంటే సదస్సు ఊళ్ళో జరిగిన వేధింపు మీద కూడా సొంత ఆఫీసులోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

బిల్లు సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న రూముల మీద జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. బిల్లు మీద ఆఫీసు పేరు, జీఎస్టీ నంబరు వేయమంటే దిగేటప్పుడే చెప్పాలి. ఖాళీ చేశాక మార్చడం కష్టం.

కౌంటరు దగ్గర కాదంటే

కోపం వస్తుంది, సహజం. అయినా గొడవ పెట్టుకుంటే అసలు విషయం పక్కదారి పడుతుంది. ముందు కారణం అడగాలి. ఏ నియమం ప్రకారం కాదంటున్నారో కాగితం మీదో మెసేజ్‌లోనో ఇవ్వమనాలి. రిసెప్షన్ మనిషితో కాకుండా మేనేజరుతో మాట్లాడాలి. టైము, మాట్లాడిన వాళ్ళ పేర్లు రాసుకోవాలి. బుకింగ్ స్క్రీన్‌షాట్ దాచుకోవాలి.

తర్వాత బుకింగ్ యాప్ కస్టమర్ కేర్‌కు అక్కడి నుంచే ఫోను చేయాలి. దగ్గర్లో ఇంకో హోటల్ చూపమని, లేదా పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వమని అడగాలి. అదే సమయంలో ఆఫీసుకూ సదస్సు నిర్వాహకులకూ చెప్పాలి. వాళ్ళకు హోటల్‌తో రోజూ పని ఉంటుంది కాబట్టి వాళ్ళ మాటకు విలువ ఎక్కువ. రాత్రి వేళ ఒంటరి మహిళ అయితే 112కు ఫోను చేయడానికి మొహమాటపడక్కర్లేదు. మహిళల సహాయానికి 181 కూడా ఉంది.

మతం కారణంగానే కాదన్నారని తేలితే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వవచ్చు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్‌కు, మానవ హక్కుల కమిషన్‌కు కూడా రాయవచ్చు.

డబ్బు వెనక్కి రావాలంటే

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలాంటి సంస్థ తాను రద్దు చేసినప్పుడు కూడా అంతే నష్టం భరిస్తేనే, కొన్నవాళ్ళు రద్దు చేసినప్పుడు క్యాన్సిలేషన్ ఛార్జీ వేయవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది కట్టిన డబ్బు వదిలేసుకుంటారు.

అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయాలి. చివరి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక హోటల్ ఉన్న ఊరికే వెళ్ళి కేసు వేయనక్కర్లేదు, ఫిర్యాదుదారు ఉంటున్న చోటు నుంచే వేయవచ్చు. అగళి మనిషి బెంగళూరు హోటల్ మీద తన జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చన్నమాట. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్ళలోగా వేయాలి.

రూము లేకుండా గడిచే దారులు

అన్నిసార్లూ హోటలే కావాలని లేదు. హిందూపురం నుంచి బెంగళూరు వెళ్ళే రైలు మార్గం గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపుర, యలహంక మీదుగానే పోతుంది. సదస్సు ఉత్తర బెంగళూరులో ఉంటే హిందూపురంలో చుట్టాలింట్లో ఉండి పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు. అగళి నుంచి అయితే సిరా, తుమకూరు మీదుగా రోడ్డు దారి ఉంది. హైదరాబాద్‌లో మాదాపూర్ వైపు రూములు ఖరీదైతే నాంపల్లిలో దిగి మెట్రోలో వెళ్ళవచ్చు. అమీర్‌పేటలో రైలు మారితే హైటెక్ సిటీ.

పెద్ద రైల్వే స్టేషన్లలో రిటైరింగ్ రూములు ఉంటాయి. కన్ఫర్మ్ అయిన టికెట్ పీఎన్ఆర్ నంబరుతో గరిష్ఠంగా 48 గంటల దాకా తీసుకోవచ్చు. పొద్దున స్నానం, ఫజర్ నమాజు, బట్టలు మార్చుకోవడం వరకైతే అదే చాలు. రెండు రాష్ట్రాల్లోనూ పర్యాటక సంస్థల హరిత హోటళ్ళు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఆర్ అండ్ బీ గెస్ట్ హౌస్ కోసం శాఖ ద్వారా ముందుగా లేఖ పెట్టుకోవచ్చు.

సదస్సుకు ఎంపికైన అమ్మాయి ఇంట్లో చెప్పగానే అబ్బాజాన్ అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ ఉంటావు?" అనే. దానికి హోటల్ పేరు, రాయించుకున్న మెసేజ్, రెండో హోటల్ నంబరు చూపించగలిగితే ఆ ప్రయాణం ఆగదు. బ్యాగులో బట్టలు సర్దేముందే ఈ నాలుగు కాగితాలు సర్దుకోవడం మేలు: గుర్తింపు కార్డు, ఆఫీసు లేఖ, బంధుత్వం తెలిపే పత్రం, హోటల్ ఒప్పుకున్న మాట.